ద్వీపములకు వెళ్లిన వృద్ధ పండితుడు



వాగు పొంగి, పొరుగూరి ఆరాధనకు వెళ్లలేక గట్టునే నిలిచిపోయిన దినములు మనలో అనేకులకు జ్ఞాపకమే. తన ప్రయాణముల ఆపదలనుగూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసినది చదువునప్పుడెల్ల మాకు ఆ దినములు తలపునకు వచ్చును. ఈ మాసము మేము చెప్పబోవునది అపొస్తలుని కథ కాదు, మిషనెరీ కథయు కాదు. అరువదిమూడేండ్ల వయస్సున, స్థూలకాయముతో, మందదృష్టితో, స్కాట్లాండునకు పడమటనున్న ద్వీపములకు వెళ్లిన ఒక ఇంగ్లీషు పండితుని కథ. ఆయన పేరు శామ్యూల్ జాన్సన్.

జాన్సన్ 1709 సెప్టెంబరు 18న లిచ్‌ఫీల్డు పట్టణములో ఒక పుస్తకవర్తకునికి కుమారుడై పుట్టెను. బాల్యముననే గండమాల వ్యాధివలన ఆయన చూపు చెడెను. డబ్బు లేక ఆక్స్‌ఫర్డు చదువు మధ్యలోనే మానెను. పిమ్మట లండనులో బహుకాలము కష్టపడి, 1755లో ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించి ప్రసిద్ధుడాయెను. భక్తిపరుడు, తన ప్రార్థనలను తానే వ్రాసుకొనువాడు. అయితే నోరు కరకు. స్కాట్లాండువారిని ఎగతాళి చేయుట ఆయనకు అలవాటు. దానిని మేము మెచ్చుకొనము.

ఆ స్కాట్లాండువారి నిమిత్తమే 1766లో ఆయన ఒక ఉత్తరము వ్రాయవలసివచ్చెను. అచ్చటి కొండలలోను ద్వీపములలోను జనులు గేలిక్ భాష మాట్లాడుచుండిరి. వారి వాడుక భాషలో క్రొత్త నిబంధన ఇంకను అచ్చుకాలేదు. క్రైస్తవ జ్ఞానమును వ్యాపింపజేయుటకు ఏర్పడిన సంఘములోనే కొందరు ఆ పనికి అడ్డు చెప్పిరి. గేలిక్‌లో లేఖనములు ఇచ్చినయెడల ఆ జనులు తక్కిన దేశస్థులతో కలియక వేరుగానే ఉండిపోవుదురని వారి భయము. ఇది విని జాన్సన్ మండిపడి, ఎడింబరోలోని డ్రమ్మండు అను పుస్తకవర్తకునికి వ్రాసెను. రాజ్యతంత్రముకొరకు దేవుని వాక్యమును జనులకు అందకుండ చేయుట క్రైస్తవులకు తగదని ఆయన వాదించెను. అడ్డు చెప్పినవారు ఆ ఉత్తరము చూచి సిగ్గుపడిరని ఆయన స్నేహితుడు బాస్వెల్ వ్రాసియున్నాడు. మరుసటి యేడు, అనగా 1767లో, కిల్లిన్ కాపరియైన జేమ్స్ స్టూవర్టు తర్జుమాచేసిన క్రొత్త నిబంధన వెలువడెను. తెలుగున వాక్యము చదువుకొను మనకు దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

తాను ఎన్నడును చూడని జనులకొరకు వ్రాసిన ఉత్తరమది. ఏడేండ్ల తరువాత వారిని చూడబోయెను.

1773 ఆగస్టు 18న జాన్సన్, బాస్వెల్ ఎడింబరో నుండి బయలుదేరిరి. ఇన్వర్నెస్ వద్ద బండి విడిచి గుఱ్ఱములెక్కిరి. సెప్టెంబరు 1న రాటగన్ కొండ దాటుచుండగా జాన్సన్ గుఱ్ఱము తడబడెను, ప్రొద్దుగూకుచుండెను. సత్రములో బస చూచుటకు బాస్వెల్ ముందుగా సాగిపోగా, జాన్సన్ పెద్ద కేకవేసి వెనుకకు పిలిచి, తన్ను కొండమీద విడిచిపోవుచున్నాడని కోపించెను. గ్లెనెల్గ్ సత్రములో తినుటకు సరియైనదేదియు దొరకలేదు. అంగీతోనే గడ్డిమీద పండుకొనెను. మరునాడు ఉదయము ఇద్దరును సమాధానపడిరి. సూర్యుడస్తమించిన తరువాతనైనను కోపము చల్లారెను గదా!

స్కై ద్వీపములో వానలు. రాసే ద్వీపములో బాస్వెల్ డన్‌కాన్ శిఖరమెక్కి దానిమీద నాట్యమాడివచ్చెను. వృద్ధుడు ఇంటనే ఉండెను. అక్టోబరు 3న మల్ ద్వీపమునకు ఓడ ఎక్కగా రాత్రి గాలివాన పట్టుకొనెను. ఓడలో వారికి తోడుగా కోల్ ద్వీప ప్రభువు కుమారుడగు డోనాల్డ్ మక్లీన్ ఉండెను. ఇతడు ఇంగ్లండు రైతుల మధ్య నివసించి వ్యవసాయము నేర్చుకొని వచ్చిన యువకుడు. భయపడి తానేమి చేయవలెనని బాస్వెల్ అడుగగా, ఇతడు ఒక త్రాడు చేతికిచ్చి, లాగుమనువరకు పట్టుకొని నిలువుమనెను. ఆ త్రాటితో పనియేమియు లేదు. బాస్వెల్‌ను ఊరకుంచుటకే ఇచ్చెను. క్రింద జాన్సన్ వీపునకు ఒక వేటకుక్క ఆనుకొని వెచ్చగా ఉండగా నెమ్మదిగా పడుకొనియుండెను. ఓడ మల్ చేరక కోల్ రేవు చేరెను. అచ్చట పదిదినములకు పైగా గాలి వారిని కదలనీయలేదు.

కోల్‌లోని కాపరిని తలంచినప్పుడు మా హృదయము కరగును. హెక్టర్ మక్లీన్ అను ఆ వృద్ధునికి గుడి లేదు. గుడిసెలోని గదిలో పట్టినంతమందికే బోధించుచుండెను. మంచి పుస్తకములుండెను గాని, పెట్టుటకు చోటులేక పెట్టెలలో దాచెను. అతడును జాన్సనును వాదమునకు కూర్చుండగా, ఇద్దరికిని వినికిడి తక్కువ గనుక, ఎవరి మాట వారు ఒకేసారి చెప్పుకొనిరట!

మల్‌లో జాన్సన్ చేతికఱ్ఱ పోయెను. చెట్లులేని దీవిలో అంత కఱ్ఱ దొరికినవాడు తిరిగి యిచ్చునా అని ఆయన సందేహించెను. అక్టోబరు 19 రాత్రి ఐయోనా చేరిరి. 563లో ఐర్లండు నుండి కొలంబా వచ్చి దిగిన దీవి అదియే. పడవ గట్టునకు రాలేక, ద్వీపవాసులు వీరిని నీటిలో మోసికొనిపోయిరి. ఆ రాత్రి ధాన్యపుకొట్టములో గడ్డిపై నిద్రించి, మరునాడు శిథిలమైన మఠమును చూచిరి.

1775లో జాన్సన్ యాత్రాగ్రంథము వెలువడెను. అందులో రాసే ప్రభువు గౌరవమునకు భంగమైన ఒక పొరపాటుండెను. అది తెలియగానే ఆయన ఎడింబరో పత్రికలో దిద్దుబాటు వేయించెను. కాని గేలిక్‌లో నూరేండ్ల నాటి వ్రాతప్రతి ఒక్కటియు లేదనిన మాటను మాత్రము దిద్దుకొనలేదు. అది తప్పు, పదునారవ శతాబ్దపు వ్రాతప్రతులు నేటికిని నిలిచియున్నవి. ఆయనకు ఆ భాష రాదు. ఎవరి భాషలో వాక్యముండవలెనని పోరాడెనో వారి భాషనే చిన్నచేసెను. ఈ రెండును ఒకే మనుష్యుని పనులు. ఒకటి చెప్పి ఒకటి దాచుట మాకు ఇష్టములేదు.

ఆ గ్రంథము సిద్ధమగుచుండగనే, 1774 సెప్టెంబరులో, యువకుడగు డోనాల్డ్ మక్లీన్ ఉల్వా, ఇంచ్‌కెన్నెత్ దీవుల మధ్య పడవ మునిగి చనిపోయెను. గాలివానలో వీరిని కాపాడినవాడు ఇంటిచెంతనే మునిగెను. జాన్సన్ ఆ దుఃఖవార్తను తన గ్రంథములో చేర్చెను. ఆయన 1784 డిసెంబరు 13న లండనులో మరణించెను. గేలిక్‌లో పాత నిబంధన పూర్తిగా వెలువడినది 1801లో. అప్పటికి ఆయన పోయి పదునారేండ్లు దాటెను.