నంబర్లు పంచిన మనిషి: జాన్ పోస్టెల్

ఈ సంచికకి ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాయాలనుకున్నప్పుడు మన క్లబ్‌లో చాలామంది కవుల పేర్లు, స్వాతంత్ర్య సమరయోధుల పేర్లు చెప్పారు. నేను జాన్ పోస్టెల్ పేరు చెప్పాను. ఎవరూ గుర్తుపట్టలేదు. ఆయన కంపెనీ పెట్టలేదు, కోట్లు సంపాదించలేదు, యాప్ ఏదీ చెయ్యలేదు. కానీ నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో వర్చువల్ మెషీన్‌ని మన లాప్‌టాప్‌తో కలపడానికి కుస్తీ పడుతున్నప్పుడు స్క్రీన్ మీద కనపడే దాదాపు ప్రతి నంబరు వెనకా ఈయన ఉన్నారు. అందుకే ఈ వ్యాసం.

జొనాథన్ బ్రూస్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఆల్టడీనాలో పుట్టారు. లాస్ ఏంజెలెస్‌లో వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. తర్వాత ఇంటర్నెట్ పితామహుల్లో ఒకరిగా పేరు తెచ్చుకున్న వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా అదే స్కూల్. ముగ్గురూ కలిసింది యూసీఎల్‌ఏ యూనివర్సిటీలో. పోస్టెల్ అక్కడ 1966లో బ్యాచిలర్స్, 1968లో మాస్టర్స్, 1974లో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ పూర్తి చేశారు.

1969లో అమెరికా రక్షణ శాఖ డబ్బుతో ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మొదలైంది. దాని మొదటి కంప్యూటర్ యూసీఎల్‌ఏలో లియొనార్డ్ క్లైన్‌రాక్ ల్యాబ్‌లోనే పెట్టారు. ఆ ల్యాబ్‌లో పనిచేసిన స్టూడెంట్స్‌లో పోస్టెల్ ఒకరు. అప్పటికి రూల్స్ లేవు. కంప్యూటర్లు ఎలా మాట్లాడుకోవాలో ఆ స్టూడెంట్సే కూర్చుని తేల్చుకోవాలి. తాము పెద్దవాళ్ళ మీద అధికారం చేస్తున్నట్టు ఉండకూడదని ఆ నోట్స్‌కి స్టీవ్ క్రాకర్ 'రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్' అని వినయంగా పేరు పెట్టారు. మనం ఆర్‌ఎఫ్‌సీ అంటామే, అది ఇదే. మొదటిది 1969 ఏప్రిల్ 7న వచ్చింది. వాటిని సరిచూసి, నంబరు వేసి, అందరికీ పంపే పని పోస్టెల్ చేతికి వచ్చింది. చనిపోయే రోజు వరకు, అంటే దాదాపు ముప్ఫై ఏళ్ళు, ఆ పని ఆయన వదల్లేదు.

ఇంకో పని కూడా అలాగే వచ్చి పడింది. ఒక కంప్యూటర్‌లో చాలా ప్రోగ్రాములు ఉంటాయి. వచ్చిన మెసేజ్ ఏ ప్రోగ్రాముకో తెలియాలంటే ప్రతి సర్వీసుకీ ఒక నంబరు కావాలి. ఇద్దరు ఒకే నంబరు వాడేస్తే అంతా గందరగోళం. ఎవరికి ఏ నంబరు ఇచ్చారో ఎవరో ఒకరు రాసి పెట్టుకోవాలి. పోస్టెల్ ఒక నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టారు. 1972 మేలో ఒక ఆర్‌ఎఫ్‌సీ రాస్తూ, ఈ నంబర్ల పంపకానికి ఒక్కరే బాధ్యులుగా ఉండాలని ప్రతిపాదించి, అది తానేనా అని కాస్త సరదాగా అడిగారు. ఎవరూ కాదనలేదు. ఎవరూ ఎన్నుకోలేదు, జీవో ఏదీ రాలేదు. ఆయన రాస్తున్నారు, జాగ్రత్తగా రాస్తున్నారు, కాబట్టి ఆయన్నే అడుగుదాం అని అందరూ అనుకున్నారు, అంతే.

ఇప్పుడు మన ల్యాబ్‌కి వద్దాం. వర్చువల్ మెషీన్ అంటే మన లాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్. అసలు లాప్‌టాప్ హోస్ట్, లోపలిది గెస్ట్. ఆ గెస్ట్‌కి నెట్‌వర్క్ కార్డు ఉంటుంది, కానీ అది ఉత్తుత్తి కార్డు. వైరు లేదు, లైటు వెలగదు. అయినా లోపల ఉన్న లినక్స్‌కి ఆ సంగతి తెలీదు, హాయిగా పనిచేసుకుంటుంది. ఎందుకు తెలీదు?

దీని జవాబులో కొంత భాగం పోస్టెల్ దగ్గరే ఉంది. 1977 మార్చిలో ఆయన సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. ఆ ఆగస్టులో ఒక నోట్ రాశారు. అప్పటికి టీసీపీ అనే ఒకే ప్రోటోకాల్ రెండు పనులు చేసేది. ప్యాకెట్‌ని ఊరూరా తిప్పి గమ్యం చేర్చడం ఒకటి, చివర్లో అన్ని ముక్కలూ వరసగా వచ్చాయా అని చూసుకోవడం ఇంకొకటి. ఈ రెంటినీ కలిపెయ్యడం తప్పని పోస్టెల్ వాదించారు. పై పొర చేసే పని కింది పొరకి తెలియకూడదు, కింద ఏముందో పై పొరకి అక్కర్లేదు. 1978లో టీసీపీ నుంచి ఐపీ విడిపోయింది. ఈ విభజన వల్లే ఐపీకి కింద రాగి తీగ ఉందా, రేడియో ఉందా, గాజు తీగ ఉందా అన్న పట్టింపు లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కింద అసలు ఏ తీగా లేకుండా, కేవలం ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నా దానికి తేడా తెలియలేదు.

1981 సెప్టెంబరులో ఆయన ఎడిట్ చేసిన మూడు పత్రాలు వరసగా వచ్చాయి. ఆర్‌ఎఫ్‌సీ 791 ఐపీ గురించి, 792 ఐసీఎంపీ గురించి, 793 టీసీపీ గురించి. మనం హోస్ట్ నుంచి గెస్ట్‌కి పింగ్ కొడతాం కదా, అది నడిచేది 792 మీద. పింగ్ ప్రోగ్రామ్‌ని 1983 డిసెంబరులో మైక్ మూస్ రాశారు. హలో అంటే హలో అని తిరిగి చెప్పాలన్న ఏర్పాటు మాత్రం పోస్టెల్ పత్రంలోనిది. ఈమెయిల్ పంపే ఎస్‌ఎంటీపీ (1982) కూడా ఆయన రాసిందే. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం పాత పద్ధతి వదిలి టీసీపీ ఐపీకి మారింది. ఆ మార్పుకి ప్లాన్ రాసింది కూడా ఆయనే. మనం మాట్లాడేటప్పుడు రూల్ ప్రకారం మాట్లాడాలి, ఎదుటివాళ్ళు తడబడినా ఓపిగ్గా అర్థం చేసుకోవాలి అన్న సూత్రం ఆయన పేరు మీదే చలామణిలో ఉంది. ఈ ఓపిక ఎక్కువైతే సెక్యూరిటీకి ముప్పని ఈ మధ్య విమర్శలు కూడా వచ్చాయి. రెండు వైపులా నిజం ఉందనిపిస్తుంది నాకు.

ఇక ఆ నంబర్లు. వర్చువల్‌బాక్స్‌లో నాట్ మోడ్ పెడితే గెస్ట్‌కి మామూలుగా 10.0.2.15 వస్తుంది. ఆ 10 ఎక్కడిది? పోస్టెల్ జాబితాలో 10 అంటే సాక్షాత్తు ఆర్పానెట్ నంబరు. 1990లో ఆర్పానెట్ మూతబడ్డాక ఆ నంబరు ఖాళీ అయింది. తర్వాత దాన్ని, 192.168 లాంటి ఇంకొన్నింటిని, ఎవరి ఇంట్లో వాళ్ళు అడగకుండా వాడుకోవచ్చని వదిలేశారు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918లో ఉన్న ఏర్పాటు ఇది. అంటే మన గెస్ట్ మెషీన్లు తాతగారి పాత ఇంటి నంబరు పెట్టుకుని తిరుగుతున్నాయన్నమాట. 127 కూడా ఆ జాబితాలోదే. 1986లో పోస్టెల్, ఆయన సహోద్యోగి జాయిస్ రేనాల్డ్స్ కలిసి వెలువరించిన పత్రంలో 127ని తన మెషీన్ తనతో తాను మాట్లాడుకోవడానికి కేటాయించినట్టు ఉంది. అందుకే గెస్ట్ లోపల కూర్చుని 127.0.0.1 అని కొడితే హోస్ట్ దొరకదు, గెస్టే దొరుకుతుంది. ఎవరి 127 వాళ్ళదే.

నాట్ మోడ్‌లో గెస్ట్ నుంచి ఇంటర్నెట్ వస్తుంది కానీ హోస్ట్ నుంచి గెస్ట్‌ని పట్టుకోలేం. దీన్ని మన హాస్టల్‌తో పోల్చి చూడండి. బయటివాళ్ళకి తెలిసిన అడ్రస్ గేటు ఒక్కటే. మనం ఆర్డర్ పెడితే పార్సిల్ వస్తుంది, ఎవరు ఆర్డర్ పెట్టారో రాసుకున్న సెక్యూరిటీ అన్న మన రూముకి పంపిస్తాడు. ఎవరూ అడగని పార్సిల్ వస్తే ఏ రూముకో తెలీక వెనక్కి పంపేస్తాడు. 2222 అని వస్తే ఫలానా రూములో 22కి ఇవ్వు అని ముందే చెప్పి పెట్టడమే పోర్ట్ ఫార్వర్డింగ్. హోస్ట్-ఓన్లీ మోడ్ అంటే హాస్టల్ లోపలి ఇంటర్‌కామ్. బయటికి పోదు, లోపల అందరూ మాట్లాడుకోవచ్చు. అక్కడ హోస్ట్ సాధారణంగా 192.168.56.1. బ్రిడ్జ్‌డ్ మోడ్ అంటే గెస్ట్‌కి వీధిలో సొంత గుమ్మం. రౌటరే దానికి నేరుగా అడ్రస్ ఇస్తుంది.

ఆ 22కి కూడా ఒక కథ ఉంది. 1995లో ఫిన్లాండ్‌లో టాటు యులోనెన్ అనే ఆయన ఎస్‌ఎస్‌హెచ్ రాశాడు. అప్పటికే 21 ఎఫ్‌టీపీకి, 23 టెల్‌నెట్‌కి ఉన్నాయి, మధ్యలో 22 ఖాళీ. ఇస్తారా అని మెయిల్ పెట్టాడు. మర్నాడే జాయిస్ రేనాల్డ్స్ నుంచి ఇచ్చామని జవాబు. ఫీజు లేదు, మూడు కాపీల అప్లికేషన్ లేదు. పోస్టెల్ ఆఫీసు అలా నడిచేది. దాని పేరు ఐయానా. పేరు పెద్ద సంస్థలా ఉన్నా, నిజానికి పోస్టెల్, కొద్దిమంది సహాయకులు.

నంబర్లతో పాటు పేర్ల బాధ్యత కూడా ఆయనదే అయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్‌ఎస్‌ని తయారుచేశారు, ఆ పని అప్పగించింది పోస్టెల్. పేరు వేరు, అడ్రస్ వేరు అన్న సంగతి శంషాబాద్‌లో ఉండే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2008 మార్చి 23 వరకు హెచ్‌వైడీ అంటే బేగంపేట విమానాశ్రయం. ఆ రోజు నుంచి అదే హెచ్‌వైడీ అంటే మన పక్కనున్న శంషాబాద్. టికెట్ మీద మూడక్షరాలు మారలేదు, విమానం దిగే చోటు మారింది. బేగంపేటకి బీపీఎం అని కొత్త కోడ్ వచ్చింది. ఒక్కో కోడ్ ఒక్క చోటుకే ఉండాలని ఎవరో ఒక జాబితా కాపాడుతున్నారు కాబట్టే మన సూట్‌కేసు సరైన ఊళ్ళో దిగుతోంది. ఇంటర్నెట్‌కి ఆ జాబితా కాపాడింది పోస్టెల్. ఏ దేశానికి ఏ పేరు, ఎవరి చేతిలో పెట్టాలి అన్నది ఆయన దగ్గరే తేలేది. మన డాట్ ఇన్ కూడా 1989 మే 8న అలా నమోదైందే.

నోట్‌బుక్‌లో మొదలైన పని మీద 1990ల్లో కోట్ల డాలర్ల వ్యాపారం నిలబడింది. పేర్లు అమ్మే హక్కు ఎవరిది, మొత్తం మీద అధికారం ఎవరిది అని గొడవలు మొదలయ్యాయి. 1998 జనవరి 28న పోస్టెల్ ఒక పని చేశారు. ప్రపంచంలోని 13 రూట్ సర్వర్లలో ఒకటి అసలుది, మిగతా 12 దాన్నుంచి కాపీ చేసుకునేవి. ఇకమీదట నా మెషీన్ నుంచి కాపీ చేసుకోండి అని ఆ 12లో 8 నడిపేవాళ్ళకి మెయిల్ పెట్టారు. ఆ 8 మందీ మారు మాట్లాడకుండా మార్చేశారు. జాబితా అదే కాబట్టి మామూలు జనానికి ఏ తేడా తెలియలేదు. వైట్‌హౌస్‌కి మాత్రం తెలిసింది. సలహాదారు ఐరా మాగజీనర్ రంగంలోకి దిగారు. అది టెస్ట్ మాత్రమేనని చెప్పి పోస్టెల్ కొద్దిరోజుల్లోనే అంతా యథాతథంగా పెట్టించారు.

అది నిజంగా టెస్టేనా, లేక ఇంటర్నెట్ ఎవరి మాట వింటుందో ప్రభుత్వానికి చూపించడమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకనిపించేది ఇది. ఆ 8 మందికి పోస్టెల్ జీతం ఇవ్వలేదు, బాస్ కూడా కాదు. ముప్ఫై ఏళ్ళు ఒక్క నంబరు కూడా సొంతానికి వాడుకోని మనిషి అన్న నమ్మకంతో మార్చారు. అది ఆయన గొప్పతనం. కానీ ప్రపంచం మొత్తం ఒక్క మనిషి మంచితనం మీద ఆధారపడితే ఆ మనిషి తర్వాత ఏంటి? ఆ ప్రశ్న ఆయనకీ తెలుసు. అందుకే తన పని మొత్తం అప్పగించడానికి ఒక లాభాపేక్ష లేని సంస్థ కోసం ఆ ఏడాదంతా కష్టపడ్డారు. అదే ఐకాన్, 1998 సెప్టెంబరు 30న ఏర్పడింది.

దాని పని చూసే అవకాశం ఆయనకి దక్కలేదు. గుండె కవాటానికి 1991లో ఒకసారి ఆపరేషన్ అయింది. మళ్ళీ సమస్య వచ్చి, సర్జరీ తర్వాత 1998 అక్టోబరు 16న లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశారు. వయసు 55. పొడవాటి గడ్డం, కాళ్ళకి చెప్పులు, సెలవొస్తే సియెర్రా నెవాడా కొండల్లో నడక, అంతే ఆయన ఆడంబరం. మిత్రుడు వింట్ సెర్ఫ్ రాసిన నివాళి కూడా ఆర్‌ఎఫ్‌సీగానే వచ్చింది, నంబరు 2468. మరుసటి ఏడాది నుంచి ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరు మీద సేవా పురస్కారం ఇస్తోంది.

పోస్టెల్ చేసిన పని ఎంత అవసరమో తెలియాలంటే ఒకటి చేసి చూడండి. మూడు వీఎంలు పెట్టి హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లో కలపండి. డీహెచ్‌సీపీ ఆపేసి అడ్రస్‌లు మీరే ఇవ్వండి. కావాలనే రెండింటికి ఒకే అడ్రస్ ఇచ్చి హోస్ట్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ చెయ్యండి. ఒకసారి ఒకటి పలుకుతుంది, ఇంకోసారి ఇంకొకటి, మధ్యలో కనెక్షన్ తెగుతుంది. తర్వాత ఒక కాగితం తీసుకుని ఏది ఎవరిదో రాసి, దాని ప్రకారం మార్చండి. అన్నీ నోరుమూసుకుని పనిచేస్తాయి. మూడు మెషీన్లకే ఆ కాగితం కావాలి. ఆయన మొత్తం ప్రపంచానికి రాశారు.