అపర అన్నపూర్ణ డొక్కా సీతమ్మ

అన్నమును పరబ్రహ్మముగా భావింపుమనియు, అతిథిని దైవముగా చూడుమనియు తైత్తిరీయోపనిషత్తు బోధించుచున్నది. ఈ ఉపదేశమును గ్రంథమున చదివినవారు పెక్కుమంది. దానిని వంటయింట ఆచరించి చూపిన సాధ్వి గోదావరీ సీమలో వెలసినది. ఆమెయే డొక్కా సీతమ్మ.

సీతమ్మ 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించెను. తల్లి నరసమ్మ. తండ్రి అనుపిండి భవానీశంకరము. ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుటయే వ్రతముగా గల ఆయనను ఊరివారు బువ్వన్న యని ముద్దుగా పిలిచెడివారు. లంకల గన్నవరము వాస్తవ్యుడును, వేదపండితుడును అగు డొక్కా జోగన్న ఒకనాడు ప్రయాణమధ్యమున బువ్వన్న ఇంట ఆతిథ్యము పొందెను. సీతమ్మ అతిథులను ఆదరించు తీరు ఆయన మనస్సును ఆకర్షించెను. పెద్దల అనుమతితో ఆమెను వివాహమాడెను.

గన్నవరము వైనతేయ పాయ ఒడ్డున గల గ్రామము. ఆ దినములలో రహదారులు అరుదు. పడవకై వేచియుండు బాటసారికి పిడికెడు మెతుకులు దొరకుటయే కష్టము. అట్టివారు ఏ వేళ తలుపు తట్టినను సీతమ్మ లేచి పొయ్యి వెలిగించెడిది. కులమేదని గాని, మతమేదని గాని అడుగలేదు. నిత్యాన్నదానముచే ఆస్తి కరగిపోవుచున్నను విస్తరి వేయుట మానలేదు.

ఆమె జీవితమున యాత్రికులెల్లరు మననము చేయదగిన ఘట్టమొకటి కలదు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనము ఆమెకు చిరకాల వాంఛ. ఒకమారు ఎట్టకేలకు పల్లకిలో బయలుదేరెను. దారిలో ఆగిన చోట ఒక పెండ్లివారి మాటలు చెవిన పడెను. పిల్లలు ఆకలికి తాళలేకున్నారు. గన్నవరము చేరినచో సీతమ్మగారింట అన్నము దొరకునని పెద్దలు వారిని ఊరడించుచున్నారు. ఆ మాట విన్నంతనే ఆమె పల్లకిని వెనుకకు త్రిప్పించెను. వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట సిద్ధము చేసెను.

స్వామి దర్శనము తప్పినదా? సర్వభూతములందున్న భగవంతుని ఉపేక్షించి అర్చామూర్తిని మాత్రమే పూజించుట నిష్ఫలమని భాగవతమున కపిలుడు దేవహూతికి తెలిపియున్నాడు. రంతిదేవుడు క్షుధార్తునిలో శ్రీహరినే దర్శించెను. సీతమ్మకు అంతర్వేది ఆనాడు తన ముంగిటనే సాక్షాత్కరించెననుట అతిశయోక్తి కాదు.

దైవప్రసక్తి లేకయే నీతిని నిరూపింపజూచు ఆధునికులు, మనుష్యుని ఆకలియే సాయమునకు చాలిన అర్హత యందురు. వేదాంతి ఆ ఆకలిగొన్నవానిలో నారాయణుని చూచును. హేతువులు వేరైనను విస్తరి ముందు ఇరువురును ఒక్కటియే. అయితే దాతకు అహంకారము కూడదను నియమమును గీత ప్రత్యేకించి బోధించుచున్నది. సీతమ్మ దానిని కూడ పాటించెను. 1903వ సంవత్సరమున ఏడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక ఉత్సవమునకు పిలుపు రాగా, ఆమె వెళ్ళుటకు అంగీకరింపలేదనియు, అధికారులు ఎంతో వేడుకొనిన పిదపనే ఛాయాచిత్రమునకు సమ్మతించెననియు చెప్పుదురు.

1909వ సంవత్సరమున ఆ తల్లి పరమపదించెను. గన్నవరము అక్విడక్టు ఆమె పేరు ధరించియున్నది. 2024వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. అంతర్వేదికి పోవు భక్తులు దారిలో ఆకలిగొన్నవాడు ఎదురైనచో ఒక్క క్షణమాగి సీతమ్మను స్మరింతురుగాక.