సోవియట్ యూనియన్‌లో సర్వేపల్లి రాధాకృష్ణన్

సర్వేపల్లి రాధాకృష్ణన్ (సెప్టెంబరు 5, 1888 - ఏప్రిల్ 17, 1975) సుప్రసిద్ధ తత్త్వవేత్త, అధ్యాపకుడు, భారతదేశపు మొదటి ఉపరాష్ట్రపతి, రెండవ రాష్ట్రపతి. 1949 నుండి 1952 వరకు సోవియట్ యూనియన్‌లో భారత రాయబారిగా పనిచేశాడు. అదే కాలంలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిలో కూడా కొనసాగాడు. సోవియట్ రాజ్యవ్యవస్థకు ఆధారమైన సిద్ధాంతాన్ని విశ్వవిద్యాలయ వేదికలపై విమర్శించిన పండితుడే, ఆ రాజ్యంతో భారతదేశానికి స్నేహం ఏర్పడటానికి పునాది వేసినవారిలో ఒకడు కావడం ఆయన జీవితంలోని విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

రాధాకృష్ణన్ తిరుత్తణిలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో వీరాస్వామి, సీతమ్మ దంపతులకు జన్మించాడు. పూర్వీకులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం కావడం వల్ల ఆ పేరు ఇంటిపేరుగా నిలిచింది. ఆయన పుట్టిన నాటికి తిరుత్తణి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. తరువాత అది పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలతో పాటు చిత్తూరు జిల్లాలో భాగంగా ఉండి, 1960లో సరిహద్దుల సవరణ జరిగినప్పుడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది.

తిరుత్తణిలో ప్రాథమిక విద్య ముగిసిన తరువాత తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలోనూ, వేలూరు వూర్హీస్ కళాశాలలోనూ, పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలోనూ చదివాడు. కుటుంబానికి ఆర్థిక స్తోమత లేకపోవడంతో ఆయన చదువు చాలావరకు విద్యార్థి వేతనాలతోనే సాగింది. దగ్గరి బంధువు ఒకరు తన చదువు పూర్తయ్యాక తత్త్వశాస్త్ర పాఠ్యపుస్తకాలను ఇవ్వడం వల్ల ఆ శాస్త్రాన్ని ఎంచుకున్నాడని ప్రతీతి. వేదాంతంలోని నీతిశాస్త్రంపై ఎం.ఏ. పరిశోధనా వ్యాసం వ్రాశాడు.

అధ్యాపక జీవితం

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉద్యోగంలో చేరాడు. 1918లో మైసూరు విశ్వవిద్యాలయంలోనూ, 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంలోనూ ఆచార్య పదవులు చేపట్టాడు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యాడు. అంతకు ముందు ఆ పదవిలో ఉన్నది చిత్తూరుకు చెందిన కట్టమంచి రామలింగారెడ్డి. 1936లో రాధాకృష్ణన్ వైదొలగిన తరువాత మరల ఆ బాధ్యతను స్వీకరించినది కూడా రామలింగారెడ్డియే.

వాల్తేరులో ఉన్న కాలంలో రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుండి యువ అధ్యాపకులను రప్పించాడు. చరిత్ర, రాజనీతి బోధించడానికి వచ్చిన హిరేన్ ముఖర్జీ వారిలో ఒకడు. ఈయన తరువాత కమ్యూనిస్టు పార్టీలో చేరి, లోక్‌సభలో పేరొందిన వక్త అయ్యాడు. అధ్యాపకుని ఎంపికలో రాధాకృష్ణన్ పాండిత్యానికే ప్రాధాన్యం ఇచ్చేవాడనడానికి ఈ నియామకం ఒక ఉదాహరణ.

1936లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాలకు సంబంధించిన స్పాల్డింగ్ ఆచార్య పదవి లభించింది. 1939 నుండి 1948 వరకు బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా కూడా ఉన్నాడు.

మార్క్స్ సిద్ధాంతంపై అభిప్రాయాలు

రాధాకృష్ణన్ వృత్తిరీత్యా రాజనీతి ఆచార్యుడు కాడు. అయితే మతం, సమాజం అనే విషయాలపై 1942లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఇచ్చిన కమలా ఉపన్యాసాలలో మార్క్స్ సిద్ధాంతాన్ని చర్చించాడు. ఈ ఉపన్యాసాలు 1947లో గ్రంథరూపంలో వెలువడ్డాయి. పేదరికాన్ని, వర్గభేదాలను రూపుమాపాలన్న ఆశయాన్ని ఆయన ఆదరించాడు. భౌతికవాదాన్ని, మత నిరాకరణను, బలప్రయోగాన్ని అంగీకరించలేదు. అంటే మాస్కో చేరేనాటికి సోవియట్ వ్యవస్థ గురించి ఆయనకున్న అవగాహన ప్రధానంగా గ్రంథాల వల్ల ఏర్పడినది.

రాయబారిగా నియామకం

స్వతంత్ర భారతదేశపు మొదటి రాయబారిగా విజయలక్ష్మీ పండిట్ 1947లో మాస్కో వెళ్ళింది. 1949లో ఆమె అక్కడి నుండి వైదొలగే వరకు స్టాలిన్‌ను కలిసే అవకాశం లభించలేదు. ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిపోయిందని సోవియట్ నాయకత్వం అప్పట్లో భావించేది. ఏ శిబిరంలోనూ చేరని భారతదేశ స్వాతంత్ర్యాన్ని అనుమానంతో చూసేది. భారతదేశం కామన్వెల్త్‌లో కొనసాగడం ఈ అనుమానాన్ని మరింత పెంచింది.

ఈ పరిస్థితిలో జవహర్‌లాల్ నెహ్రూ రాధాకృష్ణన్‌ను రాయబారిగా ఎంపిక చేశాడు. ఆయన అధ్యక్షతన ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ 1949 ఆగస్టులోనే తన నివేదికను సమర్పించింది. దౌత్యానుభవం లేని ఆస్తికుడైన తత్త్వవేత్తను నాస్తిక రాజ్యానికి పంపడం పలువురికి ఆశ్చర్యం కలిగించింది. ఏటా కొంత కాలం ఆక్స్‌ఫర్డ్‌లో బోధించడానికి వీలు కల్పించిన మీదట రాధాకృష్ణన్ ఈ పదవిని స్వీకరించాడు.

మాస్కోలో జీవనం

మాస్కోలో కూడా రాధాకృష్ణన్ తన పండిత జీవనవిధానాన్ని మార్చుకోలేదు. విందులలో ఎక్కువసేపు గడిపేవాడు కాదు. పడకపై కూర్చుని గ్రంథరచన చేయడం ఆయనకు అలవాటు. ధమ్మపదానికి ఆయన చేసిన ఆంగ్లానువాదం 1950లోనూ, ముఖ్య ఉపనిషత్తుల అనువాదం 1953లోనూ ప్రచురితమయ్యాయి. దైనందిన కార్యాలయ వ్యవహారాలను చాలావరకు సహోద్యోగులకు అప్పగించి, ముఖ్యమైన సంభాషణలను తానే నిర్వహించేవాడు.

స్టాలిన్‌తో సమావేశాలు

1950 జనవరిలో రాధాకృష్ణన్ క్రెమ్లిన్‌లో స్టాలిన్‌ను కలిశాడు. విదేశాంగ మంత్రి విషిన్‌స్కీ కూడా ఈ సమావేశంలో పాల్గొన్నాడు. ప్రచ్ఛన్న యుద్ధాన్ని విరమించడానికి సోవియట్ యూనియన్ ముందడుగు వేయాలని రాధాకృష్ణన్ కోరాడనీ, చప్పట్లకు రెండు చేతులు కావాలని స్టాలిన్ బదులివ్వగా, ఆ రెండింటిలో ఒక చేతిని వెనక్కు తీసుకోవచ్చు కదా అని ఆయన సూచించాడనీ చెబుతారు. కళింగ యుద్ధానంతరం అశోక చక్రవర్తిలో వచ్చిన పరివర్తనను స్టాలిన్‌కు గుర్తు చేశాడన్న కథనం కూడా ప్రచారంలో ఉంది.

స్వదేశానికి తిరిగి వచ్చే ముందు 1952 ఏప్రిల్‌లో రెండవసారి స్టాలిన్‌ను కలిశాడు. ఈ వీడ్కోలు సమావేశంలో రాధాకృష్ణన్ స్టాలిన్‌ను ఆప్యాయంగా తట్టాడనీ, తనను రాక్షసునిగా కాక మనిషిగా చూశాడని స్టాలిన్ సంతోషించాడనీ ఒక కథనం. స్టాలిన్ 1953 మార్చి 5న మరణించాడు.

దౌత్య వ్యవహారాలు

1950 జూన్‌లో కొరియా యుద్ధం ప్రారంభమైంది. జూలైలో నెహ్రూ శాంతిని కోరుతూ స్టాలిన్‌కు, అమెరికా విదేశాంగ మంత్రి డీన్ అచిసన్‌కు లేఖలు వ్రాశాడు. ఈ ప్రయత్నంలో భాగంగా రాధాకృష్ణన్ మాస్కోలో సోవియట్ విదేశాంగ శాఖతో సంప్రదింపులు జరిపాడు. స్టాలిన్ అనుకూలంగా స్పందించినా అమెరికా అంగీకరించకపోవడంతో ప్రయత్నం ఫలించలేదు. అయితే భారతదేశం స్వతంత్రంగా ఆలోచించగలదన్న నమ్మకం సోవియట్ నాయకులకు కలగడానికి ఇది తోడ్పడింది.

1951లో భారతదేశంలో తీవ్రమైన ఆహార కొరత ఏర్పడింది. అమెరికా నుండి రావలసిన ధాన్యం అక్కడి చట్టసభలో చర్చల వల్ల ఆలస్యం కాగా, సోవియట్ యూనియన్ గోధుమలను ఓడలలో పంపింది. 1952 జనవరిలో ఐక్యరాజ్యసమితి భద్రతామండలిలో సోవియట్ ప్రతినిధి యాకబ్ మాలిక్ కాశ్మీరు విషయంలో బ్రిటన్, అమెరికాల వైఖరిని విమర్శించాడు. అంతవరకు ఈ సమస్యపై సోవియట్ యూనియన్ తటస్థంగా ఉండేది. 1957లో కాశ్మీరు తీర్మానంపై ప్రయోగించిన వీటోకు ఈ ధోరణియే నాంది.

తెలంగాణ సాయుధ పోరాటం

రాధాకృష్ణన్ మాస్కోలో రాయబారిగా ఉన్న కాలంలోనే తెలంగాణలో కమ్యూనిస్టుల సాయుధ పోరాటం సాగుతూ ఉండేది. 1951 ఆరంభంలో నలుగురు భారత కమ్యూనిస్టు నాయకులు రహస్యంగా మాస్కో వెళ్ళి స్టాలిన్‌తో చర్చలు జరిపారు. వారిలో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య తెలుగువారు. మిగిలిన ఇద్దరు అజయ్ ఘోష్, ఎస్.ఏ. డాంగే. ఆ సంవత్సరం అక్టోబరులో సాయుధ పోరాటం విరమించబడింది. సోవియట్ వ్యవస్థలో ప్రభుత్వం, పార్టీ అనే రెండు మార్గాలుండేవి. ప్రభుత్వంతో రాయబారి జరిపే సంప్రదింపులు ఒక మార్గంలోనూ, పార్టీతో ఇతర దేశాల కమ్యూనిస్టులు జరిపే చర్చలు మరొక మార్గంలోనూ సాగేవి. రెండు మార్గాలూ చివరకు స్టాలిన్ వద్దకే చేరేవి. ఆ వ్యవస్థను అధ్యయనం చేసే విద్యార్థులకు ఈ సంఘటన మంచి ఉదాహరణ.

ఉపరాష్ట్రపతిగా, రాష్ట్రపతిగా

1952 మే 13న రాధాకృష్ణన్ ఉపరాష్ట్రపతి పదవిని స్వీకరించాడు. మాస్కోలో ఆయన స్థానంలో కె.పి.ఎస్. మీనన్ నియమితుడయ్యాడు. 1955లో సోవియట్ నాయకులు బుల్గానిన్, కృశ్చేవ్ భారతదేశంలో పర్యటించారు. 1954లో రాధాకృష్ణన్‌కు భారతరత్న పురస్కారం లభించింది.

1962 నుండి 1967 వరకు రాష్ట్రపతిగా ఉన్నాడు. 1964 సెప్టెంబరులో రాష్ట్రపతి హోదాలో సోవియట్ యూనియన్ సందర్శించాడు. ఆ మరుసటి నెలలోనే కృశ్చేవ్ పదవీచ్యుతుడయ్యాడు. 1966 జనవరిలో ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి సోవియట్ నగరమైన తాష్కెంట్‌లో పాకిస్తాన్‌తో ఒప్పందంపై సంతకం చేసిన కొద్ది గంటలకే మరణించగా, తాత్కాలిక ప్రధానిగా గుల్జారీలాల్ నందా చేత రాధాకృష్ణన్ ప్రమాణ స్వీకారం చేయించాడు.

విశ్వవిద్యాలయాలలో రష్యా అధ్యయనం

రాధాకృష్ణన్ మాస్కో వెళ్ళిన నాటికి రష్యా ప్రభుత్వం, రాజకీయాలను ప్రత్యేక విషయంగా బోధించే ఏర్పాట్లు భారతీయ విశ్వవిద్యాలయాలలో పెద్దగా లేవు. 1955లో ఢిల్లీలో భారతీయ అంతర్జాతీయ అధ్యయన పాఠశాల ఏర్పడింది. ఆయన రాష్ట్రపతిగా ఉన్న కాలంలో, 1965లో, అక్కడే రష్యన్ అధ్యయన సంస్థను నెలకొల్పారు. తరువాత ఈ రెండు సంస్థలు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో విలీనమయ్యాయి. రాధాకృష్ణన్ కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ ఇదే విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యుడిగా పనిచేశాడు. 1989లో ఆయన తండ్రి జీవితచరిత్రను వెలువరించాడు.

1991లో సోవియట్ యూనియన్ రద్దయిన తరువాత ఆ అధ్యయనం స్వరూపం మారింది. ఏక పార్టీ పాలనకు బదులుగా 1993 నాటి రష్యా రాజ్యాంగం, అధ్యక్షుని అధికారాలు, డ్యూమా వంటి అంశాలు పాఠ్యాంశాలయ్యాయి. ఒక రాజ్యం ప్రకటించే సిద్ధాంతాన్నీ, దాని ఆచరణనూ వేరువేరుగా పరిశీలించవలసిన అవసరం మాత్రం నేటికీ ఉంది. సిద్ధాంతాన్ని అంగీకరించకుండానే ప్రభుత్వంతో వ్యవహరించిన రాధాకృష్ణన్ అనుభవం ఈ విషయాన్నే తెలుపుతుంది.

చివరి దశ

1967లో పదవీ విరమణ అనంతరం రాధాకృష్ణన్ మద్రాసులో స్థిరపడ్డాడు. 1975లో టెంపుల్టన్ బహుమతి లభించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 17న మద్రాసులో మరణించాడు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5ను 1962 నుండి భారతదేశంలో ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నారు.