మూడు రూపాయల ఫీజు



టర్మ్ ఫీజు కట్టే ముందు ఇంట్లో ఎన్ని లెక్కలు వేసుకుంటారో మీకే తెలుసు. ఈ నెల అలాంటి ఒక తల్లి గురించి చెప్తాను. ఆవిడ టంగుటూరి ప్రకాశం పంతులు గారి అమ్మ, సుబ్బమ్మ గారు.

ప్రకాశం గారు 1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. ఆయనకు పదకొండేళ్లప్పుడు తండ్రి గోపాలకృష్ణయ్య గారు చనిపోయారు. సుబ్బమ్మ గారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు పెట్టారు. ఇప్పటి మెస్ లాంటిది. డబ్బు తీసుకుని అన్నం పెట్టడాన్ని ఆ రోజుల్లో చిన్నచూపు చూసేవారు. అయినా ఆవిడ పొయ్యి ఆర్పలేదు. ఆ సంపాదన చాలక ప్రకాశం గారు వారాలు చేసుకుని, అంటే రోజుకొకరి ఇంట్లో భోంచేస్తూ చదువుకున్నారు.

ఒకసారి పరీక్ష ఫీజు మూడు రూపాయలకు దారి దొరకలేదు. సుబ్బమ్మ గారు తన పట్టుచీర తాకట్టు పెట్టి ఆ డబ్బు తెచ్చారు.

ఆ అబ్బాయే తర్వాత బారిస్టర్ అయ్యారు, ఆంధ్రకేసరి అనిపించుకున్నారు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. ఇప్పుడు ఒంగోలు ఉన్న జిల్లాకు ఆయన పేరే.

మన ఇబ్బందులు పిల్లలకు తెలియకూడదని మనం దాస్తాం. ప్రకాశం గారికి మాత్రం తన ఫీజు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. ఈ ఆదివారం మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ల ఫీజు ఎలా సమకూరుతోందో చెప్పండి. మార్కుల ఊసు ఎత్తకుండా చెప్పండి చాలు, వాళ్లకు అర్థమవుతుంది.