లోతు కొలిచిన నాన్సెన్

ఫ్రిట్యోఫ్ నాన్సెన్ 1861లో నార్వే రాజధాని దగ్గర పుట్టారు. ఇప్పటి ఓస్లోను అప్పట్లో క్రిస్టియానియా అనేవారు. ఆయన చదివింది జంతుశాస్త్రం. 1888లో మరో ఐదుగురితో కలిసి స్కీల మీద గ్రీన్‌లాండ్ మంచును అడ్డంగా దాటారు. పేరు అప్పుడే వచ్చింది. మాకు మాత్రం ఆయన ఆ తర్వాత చేసిన సముద్రయానమే ఎక్కువ నచ్చింది.

1881లో జీనెట్ అనే అమెరికా ఓడ సైబీరియాకు ఉత్తరాన మంచులో చిక్కి, నలిగి మునిగిపోయింది. మూడేళ్లకు దాని సామాన్లు కొన్ని ఎక్కడో గ్రీన్‌లాండ్ నైరుతి తీరాన దొరికాయి. వాటిని మంచే మోసుకొచ్చి ఉండాలి. అలాగైతే మంచు ఒక ఓడను కూడా ధ్రువం వైపుగా మోసుకుపోతుంది కదా అని నాన్సెన్ ఆలోచించారు. ఓడను కావాలని మంచులో ఇరికించడం పిచ్చిపని అని పేరున్న అన్వేషకులు తప్పుబట్టారు. జీనెట్ గతి తెలిసినవాళ్లకు ఆ భయం సహజమే.

ఆయన కోసం కోలిన్ ఆర్చర్ ఫ్రామ్ అనే ఓడ కట్టారు. దాని పక్కలు గుండ్రం. మంచు నొక్కితే పట్టు దొరకదు, ఓడ పైకి లేస్తుంది. 1893 జూన్ 24న ఓడ బయలుదేరింది. యాత్రలో మొత్తం 13 మంది. ఐదేళ్లకు సరిపడా తిండి, బోలెడు పుస్తకాలు, కరెంటు దీపాల కోసం ఒక గాలిమర వెంట ఉన్నాయి. సెప్టెంబరులో మంచు ఓడను బిగించింది.

బదిలీ ఆర్డరు వచ్చినప్పుడల్లా పెట్టెలు సర్దే మన ఇళ్లలో, కొత్త ఊరు చేరాక ఏదో ఒకటి చాలకపోవడం మామూలే. నాన్సెన్‌కు చాలనిది లోతు కొలిచే తీగ. ధ్రువం చుట్టూ సముద్రం లోతు తక్కువని నమ్మి, రెండు వేల మీటర్లలోపు తీగే తెచ్చుకున్నారు. అది అడుగు తాకనే లేదు. అప్పుడు ఓడలోని ఒక ఉక్కు మోకు పురి విప్పి, పోగులు వేరుచేసి, ఎముకలు కొరికే చలిలో మంచు మీదే మళ్లీ పేని, నాలుగు వేల మీటర్లకు పైగా కొత్త తీగ తయారు చేశారు. దానితో తేలిన లోతు 3,300 నుంచి 3,900 మీటర్లు! తన నమ్మకం తప్పని తేల్చే తీగను తన ఓడ మోకు విప్పించి మరీ చేయించుకున్నారన్నమాట. ఆ చల్లని పై నీటి కింద, అట్లాంటిక్ నుంచి వచ్చిన కాస్త వెచ్చని నీటి పొర ఉందని కూడా తెలిసింది.

1895 మార్చిలో నాన్సెన్, యొహాన్సెన్ ఓడ దిగి కుక్కబండ్లతో ధ్రువం వైపు నడిచారు. 86 డిగ్రీల 14 నిమిషాల దాకా వెళ్లి వెనుదిరిగారు. అప్పటికి అంత ఉత్తరానికి ఎవరూ వెళ్లలేదు. రాళ్లు, వాల్రస్ తోళ్లతో కట్టిన గుడిసెలో ఎలుగు మాంసం తింటూ ఒక చలికాలం గడిపారు. 1896 ఆగస్టులో వాళ్లూ, ఫ్రామ్ కూడా నార్వే చేరాయి. 13 మందిలో ఒక్కరూ చనిపోలేదు.

మంచు గాలి వీచే దిక్కుకు సూటిగా పోకుండా, కుడివైపుకు 20 నుంచి 40 డిగ్రీలు తప్పుకుంటోందని ఆ ప్రయాణంలో నాన్సెన్ గమనించారు. భూమి తిరగడమే దానికి కారణమన్నారు. ఎక్మన్ అనే స్వీడన్ యువకుడు దాన్ని లెక్కకట్టి చూపించారు. మన విశాఖ తీరం వెంబడి నైరుతి గాలులు వీచినప్పుడు పై నీరు కుడికి, అంటే సముద్రం లోపలికి జరిగి, కింది చల్లని నీరు పైకి రావడం కూడా ఆ లెక్క ప్రకారమే.

కోరిన లోతులో నీటిని పట్టి తెచ్చే నాన్సెన్ సీసా కూడా ఆయనదే. తీగ వెంట చిన్న బరువు వదిలితే అది సీసాను తలకిందులు చేసి మూసేస్తుంది. ఎన్నో దశాబ్దాలు పరిశోధక ఓడలన్నీ దీన్నే వాడాయి.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దేశం లేకుండా పోయిన శరణార్థుల పని నానాజాతి సమితి ఆయనకు అప్పగించింది. వాళ్లకు ఇచ్చిన గుర్తింపు పత్రానికి నాన్సెన్ పాస్‌పోర్టు అని పేరు. టీసీ లేకపోతే కొత్త బడిలో ఎంత ఇబ్బందో మనకు తెలుసు. ఏ దేశపు కాగితమూ లేనివాళ్ల సంగతి చెప్పాలా? 1922లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1930లో కన్నుమూశారు. ఆయన పేరు పెట్టిన పరిశోధక ఓడ 1975లో అరేబియా సముద్రంలో చేపల సర్వేతో పని మొదలుపెట్టింది. ఇప్పుడు తిరుగుతున్నది అదే పేరుతో మూడో ఓడ.