పెరటిలో దేవుని పనులు చూచిన సేవకుడు

ధ్యానభాగములు: 1 రాజులు 4:33, మత్తయి 6:26



సొలొమోను చెట్లను గూర్చియు, పక్షులను గూర్చియు, ప్రాకు జంతువులను గూర్చియు ఎరిగినవాడు. ఆకాశపక్షులను గమనించుమని మన ప్రభువు శిష్యులకు నేర్పెను. ఈ పాఠమును జీవితాంతము నేర్చుకొనిన ఒక దైవసేవకుని చరిత్రను ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

గిల్బర్ట్ వైట్ ఇంగ్లండు దేశములోని సెల్బోర్న్ గ్రామమున 1720 జూలై 18వ తేదీన జన్మించెను. ఆక్స్‌ఫర్డులో చదివి, గురుత్వాభిషేకము పొంది, తన గ్రామమునకే తిరిగి వచ్చెను. అచ్చటి దేవాలయమందు సహాయ గురువుగానే సేవచేసెను. పెద్ద గురువు పదవి ఆయనకు దక్కలేదు.

1751లో తన తోటను గూర్చి వ్రాయ నారంభించెను. 1768 మొదలు మరణము వరకు 25 సంవత్సరములు ఎండవానలను, పూసిన పువ్వును, వచ్చిన పక్షిని పుస్తకములో వ్రాసికొనుచుండెను. చూపునకు ఒకే రీతిగా నుండు మూడు చిన్న పిట్టలు మూడు జాతులని కూతను బట్టి గుర్తించెను. వానపాములు నేలను గుల్లపరచి వాననీరు ఇంకజేసి పైరులకు మేలుచేయునని 1777లో వ్రాసెను. 1780లో మేనత్త పెంచిన తాబేలు ఆయన పెరటికి వచ్చెను. దాని పేరు తిమోతి. దానిని తూచి, అది ఎప్పుడు మంటిలో దూరునో ఎప్పుడు వెలుపలికి వచ్చునో వ్రాసెను. అది ఆడదని ఆయన గతించిన తరువాతనే తేలెను.

ఆయన పొరబడినదియు కలదు. కొన్ని వానకోవెలలు చలికాలమందు అచ్చటనే దాగియుండునని తలంచి పొదలలో వెదకించెను. ఒక్కటియు దొరకలేదు, దొరకలేదనియే వ్రాసెను.

1789లో ఆయన ఉత్తరములు గ్రంథముగా వెలువడి నేటివరకు చదువబడుచున్నవి. 1793 జూన్ 26న ఆయన ప్రభువునందు నిద్రించెను. సమాధిరాతిపై రెండు పొడి అక్షరములును తేదీయు మాత్రమే గలవు.

ఈ చిన్న గ్రామములో మా పరిచర్య ఎవరికి కనబడునని మేమును కొన్ని దినములు నిట్టూర్చితిమి. ఈ చరిత్ర మమ్మును గద్దించినది. దేవుడు మనలను ఉంచిన చోటును మనమే సరిగా చూడలేదు.

తలిదండ్రులారా, మీ పిల్లలకు ఒక నోటుపుస్తకము ఇయ్యుడి. వేప పూసిన దినమును, కోకిల మొదట కూసిన దినమును, తొలకరికి వచ్చిన ఆరుద్ర పురుగులను వ్రాయనియ్యుడి. చూచినదే వ్రాయవలెను, చూడనిది వ్రాయకూడదు. సాక్ష్యమిచ్చు నోటికి అదియే మొదటి పాఠము.

ప్రభువు మన కన్నులు తెరచును గాక. ఆమేన్.