అమ్మ పడ్డ హింసను మరచిపోని చలం

చేవెళ్ల, మొయినాబాద్ మర్రిచెట్ల దారిలో పొద్దున్నే పట్నం కాలేజీలకు బస్సెక్కే ఆడపిల్లల్లో, రాత్రి ఇంట్లో జరిగిన కొట్లాటను మనసులో మోసుకుంటూ వెళ్లేవాళ్లు ఉంటారు. పక్క సీటు స్నేహితురాలికి కూడా చెప్పుకోరు. ఇంటి గుట్టు బయట పెట్టొద్దని పెద్దలు నేర్పారు మరి. ఆ గుట్టును వందేళ్ల కిందటే కథల్లోకి లాగి నలుగురి ముందు పెట్టినవాడు చలం. పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. అయినా ఆయన జీవితాన్ని మన వాడల వైపు నుంచి ఒకసారి చూద్దాం.

1894 మే 18న మద్రాసులో పుట్టాడు. అమ్మ నాన్న కొమ్మూరి వారు. తల్లి తండ్రి గుడిపాటి వెంకట్రామయ్య దత్తత తీసుకోవడంతో గుడిపాటి వెంకటచలం అయ్యాడు. బాల్యం తెనాలిలో గడిచింది. నాన్న అమ్మను హింసించడం ఆ పిల్లవాడు కళ్లారా చూశాడు. అడ్డుపడే వయసు కాదు, మరచిపోయే మనసు కాదు. ఆ గాయమే తర్వాత రచన అయ్యిందని మేం అనుకుంటున్నాం.

పిఠాపురం రాజా కళాశాలలో చేరాక రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంతో బ్రహ్మసమాజం వైపు వెళ్లాడు. జంధ్యం తీసేశాడు. భార్య రంగనాయకమ్మను, లోకం నవ్వినా, బడిలో చేర్పించి చదివించాడు. టీచరుగా, ఆ తర్వాత స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు.

1927లో వచ్చిన ‘మైదానం’లో ప్లీడరు భార్య రాజేశ్వరి గడప దాటి అమీర్‌తో వెళ్లిపోతుంది. అక్కడా మగవాడి పెత్తనం ఆమెను వదలదు. ‘దోషగుణం’ కథలో ఒక కుర్రాడి జ్వరానికీ ఒక ఇల్లాలికీ ముడిపెట్టి, మూఢనమ్మకంతో ఆమె బతుకును నాశనం చేస్తారు. 2004లో ‘గ్రహణం’ సినిమాగా వచ్చింది ఈ కథే. ‘స్త్రీ’లో ఆడదానికి శరీరం, మెదడు, హృదయం ఉన్నాయని వాదించాడు. ‘బిడ్డల శిక్షణ’లో పిల్లల్ని కొట్టి పెంచడాన్ని తప్పుబట్టాడు. అమ్మ మీద పడే చేయీ, బిడ్డ మీద పడే చేయీ ఒకటేనని ఆయనకు చిన్నప్పుడే తెలుసు.

ఆయనలోని లోటునూ దాచొద్దు. స్వేచ్ఛ గురించి రాసిన ఆ ఇంట్లోనే రంగనాయకమ్మ ఎంతో బాధ పడింది. ఇంకో లోటు మనకు సంబంధించింది. చలం నాయికల్లో ఎక్కువమంది అగ్రకులాల ఇళ్ల నుంచి బయటికి నడిచినవాళ్లు. మన ఆడవాళ్లు తరతరాలుగా బయటే ఉన్నారు, దొర పొలంలో, వెట్టిలో, ఇప్పుడు ఫాంహౌస్‌ల కూలిలో. వాళ్లకు ఇంట్లో మొగుడి దెబ్బ, బయట కులం దెబ్బ. గడప దాటితే చాలదు, నిలబడటానికి కాస్త నేల, చేతికి కూలి, వెనక నలుగురు మనుషులు కావాలి. రాజేశ్వరికి దొరికిన మైదానం మన చెల్లెళ్లకు ఎవరూ రాసివ్వలేదు.

మరి చలాన్ని ఎందుకు చదవాలి? హింస తలరాత కాదని, తప్పు దెబ్బ తిన్నవాళ్లది కాదని ఆయన కథలు చెబుతాయి. గాయం మానడానికి మొదటి మెట్టు అదే. రెండో మెట్టును ఉద్యమాలు కట్టాయి. 2005 గృహహింస చట్టం భార్యకు కలిసి కాపురమున్న ఇంట్లోనే ఉండే హక్కునిచ్చింది. కులం పేరుతో జరిగే దాడికి 1989 అట్రాసిటీ చట్టం ఉంది. మహిళలు 181కి, పిల్లలు 1098కి ఫోన్ చేయొచ్చు.

చలం 1950లో తిరువణ్ణామలై వెళ్లి రమణాశ్రమం దగ్గర స్థిరపడ్డాడు. 1979 మే 4న అక్కడే కన్నుమూశాడు.

అమ్మ బాధ చూసిన ఒక పిల్లవాడు పెద్దయ్యాక కలం పట్టాడు. చేవెళ్ల, మొయినాబాద్ బస్సుల్లో కిటికీ పక్కన మౌనంగా కూర్చున్న మన ఆడపిల్లల దగ్గర ఆయన రాయలేని కథలున్నాయి. వాళ్లు రాయాలి. రాసేదాకా వాళ్లు చెప్పేది నమ్మి వినడం మన పని.